మాస్టారింటి ఐసు వరద

ఆదివారం నాడు లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇల్లు తుడవాలి. సాయంత్రం ఇంటాయన పైకి వస్తే ఐసు ముక్కలు వేసిన నిమ్మరసం చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని నవ్వాలి. ఆ నవ్వడమే ముఖ్యం. కింది వాటాలో ఉండే ఇంటాయన వారం రోజులుగా మాస్టారి ఇంటివాళ్ళని చూసి నవ్వడం మానేశాడు. పొద్దున లేచేసరికి తన వంటింటి నేల మీద నీళ్ళు నిలుస్తున్నాయనీ, అవి పైవాటా నుంచే దిగుతున్నాయనీ ఆయన ఫిర్యాదు. కాదని మాస్టారు వాదించారు. "ఆదివారం సాయంత్రం నేనే పైకొచ్చి చూస్తాను. నీళ్ళు మీవే అయితే వేరే ఇల్లు వెతుక్కోండి మాస్టారూ" అని ఇంటాయన మెట్ల దగ్గరే తేల్చి చెప్పాడు.

ఆ ఇల్లు వదలడమంటే మాస్టారికి ప్రాణం మీదికొచ్చినట్టే. వీధికి ఈ చివర ఆయన బడి, ఆ చివర ఆయన భార్య నర్సుగా పనిచేసే ఆసుపత్రి. రాత్రి డ్యూటీ చేసిన మనిషి కళ్ళు మూతలు పడకముందే ఇల్లు చేరగలదు. దానికి తోడు ఇంటాయన రెండు వాటాలకూ ఒకేసారి, ఒకే రకం ఫ్రిజ్ కొని పెట్టాడు. దానికి వెనక సన్నటి నీళ్ళ గొట్టం ఉంటుంది. తనంతట తానే నీళ్ళు పట్టుకుని, గడ్డకట్టించి, ముక్కలు కింది డబ్బాలో రాల్చుకుంటుంది. నిజం చెప్పాలంటే, అంత బుద్ధిగా పనిచేసే పిల్లవాడు మాస్టారి క్లాసులో ఒక్కడూ లేడు.

ఐసు ఉందో లేదో చూద్దామని మాస్టారు ఫ్రిజ్ పైతలుపు తీశారు. డబ్బాలో ముక్కలు లేవు. డబ్బా డబ్బాయే ఒక ఐసు దిమ్మ అయింది. ముక్కలు తీసే గరిటె దాని మధ్యలో నిలువునా ఇరుక్కుని ఉంది. పైనున్న ట్రే నిండి, అంచు మీదుగా నీళ్ళు బొట్టుబొట్టుగా జారి, తలుపు సందులోంచి నేల మీదికి దిగుతున్నాయి. అంటే ఇంటాయన చెప్పింది నిజమే. వారం నుంచీ తను గట్టిగా వాదించిందంతా అబద్ధమే.

ఇక్కడ ఈ కుటుంబం గురించి ఒక సంగతి చెప్పాలి. వీళ్ళకి కుళాయి కనబడితే చెయ్యి ఊరుకోదు. మాస్టారి అత్తగారు పుట్టి పెరిగిన వీధిలో నీళ్ళు రోజుకి ఒక్క గంటే వచ్చేవి. అప్పటినుంచీ ఆవిడ ఏ కుళాయి పక్కనుంచి వెళ్ళినా దానికి ఓ బిగింపు బిగించందే ముందుకి కదలరు. తల్లి నుంచి అది కూతురికి వచ్చింది. పెళ్ళయిన ఏడాదిలోపే అల్లుడికీ అంటుకుంది. అత్తగారు కూతురి ఇంటికి వచ్చి ఇప్పటికి పది రోజులు.

మాస్టారు లెక్క వేశారు. తొట్టిలోకి వచ్చే నీళ్ళు తగ్గితే, పొంగే నీళ్ళూ తగ్గుతాయి. ఇన్నేళ్ళుగా పిల్లలకి చెబుతున్న లెక్కే కదా. ఎవరికీ చెప్పకుండా సింకు కింది అలమరలోకి దూరి, ఫ్రిజ్‌కి వెళ్ళే చిన్న కుళాయిని కొంచెం బిగించి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చున్నారు. డ్యూటీ నుంచి వచ్చిన భార్య నీళ్ళలో కాలేసింది. ముందు కారేదాన్ని ఆపాలి, తర్వాతే కారణం వెతకాలి అన్నది ఆవిడ వృత్తి నేర్పిన పాఠం. ఆవిడా వంగి కుళాయిని ఇంకొంచెం బిగించింది. పూజ ముగించుకుని వచ్చిన అత్తగారు తన వంతు తను బిగించారు. ముగ్గురూ ఎవరికి వారు ఇల్లు నిలబెట్టామనుకున్నారు. గంట గడిచేసరికి బొట్లు కాస్తా ధార అయ్యాయి.

భార్య కంపెనీకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి అంతా విని, "మీ నీళ్ళ కుళాయి పూర్తిగా తెరిచి ఉందా అండీ?" అని అడిగింది.

"నీళ్ళు పొంగుతున్నాయమ్మా అంటుంటే కుళాయి తెరవమంటావేంటి?" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. పాపం, ఉద్యోగం కొత్తేమోనని అత్తగారు జాలిపడ్డారు. పడుతూనే మళ్ళీ వంగి ఇంకాస్త బిగించారు.

మధ్యాహ్నానికి వంటిల్లు చెరువైంది. కింది అరల్లోని సామానంతా తడవకుండా అట్టపెట్టెల్లోకి ఎక్కించారు. పెట్టెలన్నీ తీసుకెళ్ళి వరండాలో పేర్చారు. నేల తుడవడానికి తువ్వాళ్ళు చాలక పక్కల మీది దుప్పట్లు లాగారు. పిండిన దుప్పట్లు పిట్టగోడ మీద వరసగా ఆరేశారు. ఈలోగా ఇంటాయన తన వంటింట్లోకి వెళ్ళి పైకప్పు చూస్తే పని అయిపోయినట్టే కాబట్టి, ఆయన్ని ముందుగదిలోనే మాటల్లో పెట్టమని అత్తగారిని కిందికి పంపారు.

అత్తగారికి అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెప్పకూడదు. అందుకని ఆ ఇంటిని పొగడటం మొదలుపెట్టారు. ఇంత గాలీ వెలుతురూ ఎక్కడికెళ్ళినా దొరకదన్నారు. మా అమ్మాయి ఈ ఇంటిని ఎప్పటికీ మరిచిపోలేదన్నారు. చెబుతుండగా నిజంగానే దిగులేసి కొంగుతో కళ్ళొత్తుకున్నారు. ఇంటాయన అనుమానంగా గుమ్మంలోకి వచ్చి తలెత్తి చూశాడు. వరండా నిండా అట్టపెట్టెలు. పిట్టగోడ మీద ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ. ఆయన చెప్పులైనా వేసుకోకుండా మెట్లెక్కాడు.

ఆ అడుగుల చప్పుడు పైన ఇద్దరికీ వినబడింది. "కుళాయి మొత్తం కట్టెయ్యండి" అంది భార్య. మాస్టారు బోర్లా పడుకుని, తల అలమరలో పెట్టి, గొట్టాల వెనకనుంచి చెయ్యి తిప్పి కుళాయిని దొరకబుచ్చుకున్నారు. తిప్పారు, తిప్పారు, ఇక తిరగదన్న దాకా తిప్పారు. లేచేసరికి ఇంటాయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏదో కోపంలో ఓ మాటన్నాను. దానికే సామాన్లు కట్టేసుకుంటారా?" అన్నాడాయన. "ఆ మధ్య నాకు జ్వరమొస్తే తెల్లార్లూ పక్కన కూర్చున్నది ఈ అమ్మాయే కదా. మీరు వెళ్ళిపోతే ఆ కింద నేనొక్కణ్ణీ ఉండి ఏం చెయ్యను?"

వెళ్ళడం లేదని మాస్టారు చెప్పేలోపే ఇంటాయన చూపు నేల మీదికి దిగింది. నీళ్ళు ఆయన పాదాల దాకా ఉన్నాయి. అయిపోయిందనుకున్నారు మాస్టారు.

"మీకూ ఫ్రిజ్ ముందేనా?" అన్నాడు ఇంటాయన మెల్లగా.

"మీకూ అంటే?" అంది భార్య. వెంటనే నర్సు గొంతు వచ్చేసింది. ఎప్పటినుంచి, ఎక్కడ, ఎంత అని వరసగా అడిగింది. ఆయన ఇంట్లో నీళ్ళు నిలిచేదీ సరిగ్గా ఫ్రిజ్ ముందే. పైకప్పు మాత్రం ఏ రోజూ తడిగా లేదు. అది తనకీ వింతగానే ఉందన్నాడు. ఎందుకైనా మంచిదని ఆ ఫ్రిజ్ కుళాయిని రోజూ కొంచెం కట్టేస్తూ వస్తున్నాడట. "కట్టేకొద్దీ ఎక్కువవుతోందమ్మా. అందుకే పైనుంచి వస్తున్నాయనుకున్నాను."

ఈలోగా అత్తగారూ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. ఆవిడ, కూతురు, అల్లుడు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దున నేనూ కొంచెం బిగించానని ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. అందరి కంటే ముందు, వచ్చిన రోజునే పైనా, ఇంటాయన్ని పలకరించడానికి వెళ్ళినప్పుడు కిందా బిగించింది అత్తగారని కూడా అప్పుడే తేలింది. అప్పుడు గమనించారు, ఫ్రిజ్‌లో నీళ్ళు కారే చప్పుడు లేదు. ట్రేలోంచి ఒక్క బొట్టు రాలడం లేదు.

"మొత్తం కట్టేశాను కదా మరి" అన్నారు మాస్టారు, కాస్త గర్వంగానే.

భార్య వంగి అలమరలోకి చూసింది. "కట్టలేదండీ. వెనకనుంచి చెయ్యి పెట్టి అటుది ఇటు తిప్పారు. మొత్తం తెరిచేశారు."

అవి చాలినన్ని నీళ్ళు పట్టుకుని, టక్కున ఆగే ఫ్రిజ్‌లు. లోపలి మూత గట్టిగా పడాలంటే నీళ్ళు జోరుగా వచ్చి దాన్ని నొక్కాలి. జోరు లేకపోతే మూత సరిగా పడదు, సందులోంచి రోజంతా కారుతూనే ఉంటుంది. ఈ సంగతి మాస్టారు అక్కడికక్కడే అందరికీ బోధపరిచారు. ఫోన్‌లో ఆ అమ్మాయి మొదట అడిగింది ఇదేనని భార్యకి గుర్తొచ్చింది, కానీ పైకి అనలేదు.

ఇంటాయన కిందికి వెళ్ళి తన కుళాయి పూర్తిగా తెరిచాడు. సాయంత్రానికి ఆయన నేల ఆరింది. మళ్ళీ పైకి వచ్చినప్పుడు చాలా రోజుల తర్వాత నవ్వుతూ వచ్చాడు. ఇల్లు ఎన్నాళ్ళైనా మీదేనన్నాడు. మాస్టారు వారం తర్వాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, ఐసు దిమ్మని పగలగొట్టి గరిటెను విడిపించి, నిమ్మరసం కలిపారు. భార్య తడి దుప్పట్లు తలచుకోకుండా ఉత్త పరుపు మీదే హాయిగా నిద్రపోయింది.

అత్తగారు మాత్రం ఆ రోజు నుంచీ సింకు పక్కనుంచి వెళ్ళేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు.