మెచ్చుకుంటే మూడింది

శుక్రవారంతో ఉమేశ్ ప్రొబెత్సైట్, అంటే కొత్త ఉద్యోగంలో పరీక్షాకాలం, ముగుస్తుంది. చివరి పనిగా, జర్మనీలోని బ్యోబ్లింగెన్ ఆఫీసు మేనేజరు హెబర్లే ఒక వెబ్ యాప్ పెట్టమన్నాడు. అందులో సహోద్యోగులు ఒకరినొకరు మెచ్చుకోవాలి. అది నడిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఎదుటివాణ్ణి మెచ్చుకోవడానికి ఎవరికీ ఓ పట్టాన నోరు రాదని, ఉమేశ్ జర్మన్‌లో పొగడ్తలు కూడా తనే రాసిపెట్టాడు. బుధవారం పొద్దున్నే కాఫీ తాగుతూ, శుభమా అని సహోద్యోగులకు తలా ఒకటి పంపాడు. క్లాస్ అనే ఆయనకి "ఎప్పుడూ శాయశక్తులా ప్రయత్నిస్తారు". సబీనకి "వేళకు వస్తారు". ఒట్టోకి "నలుగురితో సరదాగా కలిసిపోతారు".

కాఫీ చల్లారకముందే క్లాస్ తలుపేసుకున్నాడు. సబీన ఉద్యోగుల సంఘానికి ఫోన్ చేసింది. జన్మలో చుక్క ముట్టని ఒట్టో వచ్చి, ఉమేశ్ ముఖం మీద "హా" అని ఊపిరి వదిలి వెళ్ళిపోయాడు.

ఉమేశ్ పక్కగదిలోకి పరుగెత్తాడు. పాతికేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న రాజ్యశ్రీ తల పట్టుకుని కూర్చుంది.

"అక్కా, నేనేం తప్పు రాసిన? మంచిగనే రాసిన కద."

"మంచిగా రాయడమే నీ తప్పు. ఇక్కడ ఉద్యోగం మానేసేవాళ్ళకిచ్చే సర్టిఫికెట్లో తిట్టకూడదు. అందుకని పొగుడుతూ తిడతారు. ప్రయత్నిస్తాడంటే చేతకాదని. వేళకొస్తుందంటే ఇంకేం చెయ్యదని. సరదా మనిషంటే తాగుబోతని."

"గట్లనా. ఇప్పుడే సారీ చెప్త."

ఆమె వారించేలోపే అందరికీ పంపేశాడు: "క్షమించండి. మీ భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాను."

"ఆ సర్టిఫికెట్లో ఆఖరి వాక్యం అదేరా" అంది రాజ్యశ్రీ నీరసంగా.

ఇంకేముంది, అందరికీ ఊస్టింగేనని ఆఫీసంతా గుప్పుమంది. పోయేవాళ్ళకి మొహమాటమెందుకు? ఏళ్ళ తరబడి నోట్లోనే నానిన మాటలన్నీ యాప్‌లోకి పొర్లుకొచ్చాయి. నా తప్పు నీ నెత్తినేసుకుని కాపాడావని క్లాస్‌కి సబీన రాసింది. మా పిల్లకి జ్వరమొచ్చినప్పుడు నా పని కూడా నువ్వే చేశావని సబీనకి ఒట్టో రాశాడు. సంఘం వాళ్ళు వచ్చేసరికి ముగ్గురూ వంటగదిలో కౌగిలించుకుని ఏడుస్తున్నారు.

ఎవర్నీ తీసెయ్యడం లేదని హెబర్లే ప్రకటించాక, రాసినవి చెరిపేసే బటన్ కోసం అందరూ వెతికారు. ఉమేశ్ అది పెట్టలేదు.

హెబర్లే అవన్నీ చదివి ఉమేశ్‌ని పిలిచాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మరీ తీసిపారేసేలా ఏం లేదు" అన్నాడు.

ఉమేశ్ ముఖం మాడిపోయింది. "అయిపాయె అక్కా, నా పని" అన్నాడు బయటికొచ్చి.

"పిచ్చివాడా, ఈ ప్రాంతం వాళ్ళ నోట అంతకుమించిన పొగడ్త రాదు. పాతికేళ్ళలో నాకు ఒక్కసారే వచ్చింది."

శుక్రవారం ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం అందింది. అందులో ఒక్క మంచి మాటా లేదని రెండుసార్లు చదివి రూఢి చేసుకున్నాకే, ఉమేశ్ ఇంటికి ఫోన్ చేశాడు.