ఆపిల్ చెట్టుకు చలి కార్డు

రాళ్ళగెడ్డలో చలిని రేషన్ డిపోలో ఇవ్వడం మొదలుపెట్టి ఇది మూడో ఏడాది. కొండ మీద ఏటేటా చలి తగ్గిపోతోంది కాబట్టి ఉన్నదాన్ని సక్రమంగా పంచాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మనుషులకు తెల్లకార్డు, చెట్లకు ఆకుపచ్చ కార్డు. మార్గశిరం రాగానే అందరూ ఒకే వరసలో నిలబడతారు. కాఫీ మొక్కలు కాస్త తోసుకుంటాయి.

ఊళ్ళో ఉన్న ఒక్క ఆపిల్ చెట్టూ వంతల దొంబమ్మది. ఆపిల్ పూయాలంటే ఆకు రాల్చి, ఆరువందల గంటల చలిలో నిద్రపోవాలి. రెండేళ్ళుగా అది పూయలేదు. ఈసారీ పూయకపోతే కొట్టేసి, ఆ చోటు మైదానం నుంచి కొండెక్కి వచ్చిన మామిడికి ఇవ్వాలని రూలు. మామిడి దరఖాస్తు పెట్టుకుని కంచె బయట మర్యాదగా నిలబడి ఉంది.

చిక్కల్లా డిపోలోని వేలిముద్రల మెషిన్‌తోనే. చెట్టుకు చలి కావాలంటే దాని మీద ఆకు ముద్ర పడాలి. ఆకు రాలిస్తేగానీ ఆపిల్‌కు చలి పట్టదు, ఆకు లేకపోతే ముద్ర పడదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

"రాలిన ఆకు తెచ్చినాను, సూడు" అంది దొంబమ్మ.

"ఎండిపోయినాది తీసుకోదు పిన్నీ. సెట్టు సచ్చిపోయినట్టు రాసెత్తాది" అన్నాడు డీలరు చిట్టిదొర.

పదకొండేళ్ళు పెంచిన చెట్టు. దొంబమ్మకు ఏడుపొచ్చింది.

"మరి ముసిలోళ్ళకి ఏలు అరిగిపోతే?"

"ఇంట్లో మనిసి ఏత్తాడు."

"అయితే నానేత్తాను. అది మా ఇంట్లోదే."

మెషిన్ ఒప్పుకుంది. కానీ చలి మాత్రం ఆమె వాటాలోంచే పోయింది. ఇరవై గంటలు. అంటే ఇంకా ఇరవైతొమ్మిది మంది బంధువులు కావాలి.

వెనక నిలబడ్డ గెమ్మెలి సన్యాసమ్మ వేలు ముందుకు చాచింది. "దాని కాయ మా పిల్ల తిన్నాది. మేనత్తనని రాసుకో." ఆ తర్వాత పెదనాన్నలూ, వదినలూ, ఒక వియ్యంకుడూ వచ్చారు. చివరికి ఒక్క వేలు తక్కువైతే చిట్టిదొర తనే వేసి, బావనని రాసుకున్నాడు.

ఆ శీతకాలం ముప్ఫైమందీ రగ్గులు అటక మీద పెట్టి, పుష్యమాసంలో విసనకర్రలతో విసురుకున్నారు. చెట్టు మంచు కప్పుకుని హాయిగా నిద్రపోయింది. ఫాల్గుణంలో కొమ్మకొమ్మా పూసింది. నెల ముందే వచ్చి పంచాయతీ వరండాలో కాచుకున్న తేనెటీగలు లేచి పనిలోకి వెళ్ళాయి. దొంబమ్మ సంతోషం ఇంతా అంతా కాదు.

తనిఖీకొచ్చిన అధికారీ సంతోషించాడు. బంధువులు ఇంత బాగా ఇస్తున్నారు కాబట్టి ఇకమీదట బంధువులున్న చెట్లకు వేరే చలి అక్కర్లేదని పైకి రాశాడు. ఉత్తర్వు వచ్చేసింది. ఊళ్ళో బంధువులెవరూ లేరు కాబట్టి మామిడికి కంచె బయటే కార్డిచ్చారు.

మళ్ళీ మార్గశిరంలో డిపో తెరిచేసరికి వరసలో అందరికంటే ముందు మామిడి ఉంది.

"నాకు చలి గిట్టదండీ. నా వాటా ఆపిల్‌కి రాసేయండి."

"దానికి నువ్వేటవుతావు?"

"పొరుగుదాన్ని."

అలాంటి వరస పట్టీలో లేదు. చిట్టిదొర దాన్ని పట్టీ చివర చేత్తో రాసుకున్నాడు. మామిడికి శీతకాలమంతా పచ్చటి ఆకులే కాబట్టి ముద్ర ఒక్కసారికే పడింది.