వరుసకొక కాలం

వెదురుగొంది డ్యాం నీళ్ళలో మునిగిపోయాక, ఆ ఊరికి రావలసిన కాలాలను పునరావాస కాలనీలో వరుసకొకటి చొప్పున పంచారు. మొదటి వరుస ఇళ్ళకు ఎండాకాలం, రెండో వరుసకు వానాకాలం, మూడో వరుసకు చలికాలం వచ్చాయి. పంచేముందు చీటీలు వేశారు. తీసింది ఊరివాళ్ళే గనక తర్వాత ఎవరూ ఏమీ అనడానికి లేకుండా పోయింది.

పాత ఊళ్ళో కాలాలు ఒకదాని వెనక ఒకటి అందరి ఇళ్ళకూ వచ్చి పోయేవి. పట్టా లేకుండా అలా తిరగడం కొత్త నిబంధనల కింద కుదరదు. ఎవరి కాలం వారి వరుసలోనే ఉండాలి. వరుసకూ వరుసకూ మధ్య సున్నంతో గీత గీశారు. వాన ఆ గీత దాకా వచ్చి ఆగిపోయేది. ఎండ కూడా అంతే.

జనం అలవాటు పడ్డారు. మొదటి వరుసవాళ్ళు మధ్యాహ్నం కునుకుకు మూడో వరుసకు వచ్చేవారు. రెండో వరుసవాళ్ళు తడిబట్టలు మోసుకుని మొదటి వరుసకు పోయేవారు. కొన్నాళ్ళకు సంబంధాలు మాట్లాడేటప్పుడు పిల్ల ఏ వరుసదని అడగడం మొదలైంది. రెండో వరుస పిల్ల అంటే, ఒంట్లో చెమ్మ ఉంటుందని వెనకాడేవారు.

మూడో వరుసలో చివరి ఇల్లు తెల్లం దూలయ్యది. ఊరి పూజారి అతనే. మాట తక్కువ మనిషి. అతని భార్య సింగమ్మ లారీలో వస్తూ పోయింది. పాత ఊరు దాటాక, కాలనీ రాకముందు. రెండు ఊళ్ళ మధ్య పోయింది గనక ఏ ఊళ్ళోనూ ఆమె చావు రాసుకోలేదు. దాంతో దూలయ్యకు పేచీ లేదు. రాసుకుంటే మాత్రం ఏమొస్తుంది. అతని బాధ వేరే.

వెదురుగొందివాళ్ళు మామిడి కొత్త పండగ అయ్యేదాకా మామిడికాయ నోట పెట్టరు. చెట్టుకింద రాలి ఉన్నా తీసుకోరు. ఎండలు ముదిరే వేళకు పూజారి తొలికాయ కోసి ముందు నేలతల్లికి, ఆ తర్వాత పెద్దలకు పెడతాడు. పెద్దలంటే పోయినవాళ్ళు. ఇంటి మూల కుండలో ఉంటారు. వాళ్ళు తిన్నాకే బతికున్నవాళ్ళ వంతు. కొత్తగా పోయినవాళ్ళు ఆ తొలికాయలో తమ వాటా తింటేనే పెద్దల్లో కలుస్తారు. అప్పటిదాకా గడప దగ్గర కూర్చుంటారు. లోపలికి రారు, తమంతట ఎక్కడికీ పోరు, వేరే ఏదీ తినరు.

సింగమ్మ గడప దగ్గరే కూర్చుంది. ఆమె ఒక్కతే కాదు. కాలనీకి వచ్చాక పోయినవాళ్ళు చాలామంది అలాగే ఎవరి గడప దగ్గర వాళ్ళు కూర్చుని ఉన్నారు. నీళ్ళబిందెతో వచ్చేవాళ్ళు ‘కాస్త జరుగమ్మా’ అంటే జరిగేవారు.

దూలయ్య ఇంటి మూల శుభ్రంగా అలికి కొత్త కుండ పెట్టాడు. పాతవి తేలేదు. పెద్దల కుండను కొత్త పండగ నాడు తప్ప కదపకూడదు, లారీ వేరే నాడు వచ్చింది. ఇక పండగ చేస్తే సరి, సింగమ్మ లోపలికి వస్తుంది అనుకుని తొలికాయ కోసం మొదటి వరుసకు పోయాడు. అక్కడ కారం జోగయ్య వాకిట్లో పెద్ద మామిడి ఉంది.

“తొలికాయ ఏది జోగయ్యా?”

జోగయ్య తల పైకెత్తి చెట్టంతా చూశాడు. “నన్నడుగుతావేంది మావా. పూతా ఉంది, పిందే ఉంది, పండూ ఉంది. నిన్నా ఇట్టనే ఉంది, మొన్నా ఇట్టనే ఉంది. ఇందులో మొదటిదేదో ఆ చెట్టుకే ఎరిక లేదు.”

“ఒక ఏడు కాయకుండా ఆపు.”

“నువ్వే చెప్పి చూడు. నా మాట నా పెళ్ళామే వినదు.”

చిక్కు అక్కడే వచ్చింది. పోని కాలం తిరిగి రాదు. తిరిగి రానిదానికి కొత్త అనేది ఉండదు. కొత్త లేకపోతే పండగ లేదు. దూలయ్య ఇంటికి వచ్చి గడప పక్కన కూలబడ్డాడు.

“దొరికిందా?” అంది సింగమ్మ.

“లేదు.”

“ఆకలేస్తంది.”

“ఊఁ” అన్నాడు.

ఈలోగా పట్నం నుంచి ఒక వ్యాపారి వచ్చి మొదటి వరుస కాయలన్నీ టోకున మాట్లాడుకున్నాడు. ఏడాది పొడుగునా కాసే మామిడి ఎవరు వదులుకుంటారు. కాయలు పాడవకుండా దాచడానికి మూడో వరుస చలి బాగా పనికొచ్చింది. ఇంటింటా పెట్టెలు దింపారు. దూలయ్య ఇంట్లో కుండ ఉన్న మూల తప్ప మిగతాదంతా మామిడిపళ్ళ పెట్టెలే. వాసన గడప దాకా వచ్చేది. సింగమ్మ ముఖం వీధివైపు తిప్పుకుని కూర్చునేది.

దూలయ్య పునరావాస ఆఫీసుకు పోయాడు. అక్కడి సారు మంచివాడు, కుర్చీ వేయించాడు. మొదటి వరుసలో ఉన్న ఎండాకాలాన్ని కొన్నాళ్ళు బయటికి పంపి మళ్ళీ రానివ్వాలని దూలయ్య కోరాడు. సారు శ్రద్ధగా విన్నాడు.

“పంపడం పెద్ద పని కాదు. తిరిగి రాకపోతే?”

“ఎప్పుడూ వచ్చేదే సారూ.”

“ఎవరి పూచీ మీద?”

దూలయ్య ఆలోచించాడు. తాతల నాటి నుంచి ఎవరూ ఆ మాట అడగలేదు. “నేలతల్లి పూచీ” అన్నాడు.

“ఆమె వచ్చి సంతకం చేస్తుందా?”

సారు వెక్కిరించడం లేదు. సంతకానికి అక్కడ నిజంగానే చోటు ఉంది. ఆమె రాదని దూలయ్య చెప్పాడు. సారు నొచ్చుకున్నాడు. కాలాన్ని కదపలేకపోయినా పండగ మాత్రం ఆగకూడదని, ప్రకృతిని కొలిచే ఇలాంటి ఆచారాలంటే పైవాళ్ళకు చాలా మక్కువని, తామే దగ్గరుండి జరిపిస్తామని చెప్పాడు. ముఖ్య అతిథికి వీలు చిక్కిన రోజు చూసి తేదీ పెట్టారు.

ఆ రోజు షామియానా వేశారు, వేదిక కట్టారు. దూలయ్య తలకు ఎవరిదో ఈకల టోపీ పెట్టారు. వాళ్ళలో అలాంటిది ఎవరూ పెట్టుకోరు, అయినా ఊరుకున్నాడు. ఇళ్ళవాళ్ళు తమ తమ పోయినవాళ్ళను చెయ్యిపట్టి తీసుకొచ్చి ముందు వరుసలో నేలమీద కూర్చోబెట్టారు. ఫోటోలకు అడ్డమని వాళ్ళను లేపి కుర్చీల వెనక్కి పంపారు. మూడో వరుస పెట్టెల్లోంచి మంచి పండు ఒకటి తెచ్చి దూలయ్య చేతికిచ్చారు. అది తొలికాయ కాదని అతనికి తెలుసు. అయినా ఆకలిమీద ఉన్నవాళ్ళు ఒప్పుకుంటారేమోనని ఆశ. నేలకు పెడదామని వంగాడు. వంగేలోగా ముఖ్య అతిథి ఆ పండు అందుకుని కెమెరాల వైపు తిరిగి కొరికాడు. చాలా తియ్యగా ఉందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కుర్చీల వెనక్కి వచ్చిన దూలయ్య చెవిలో సింగమ్మ అడిగింది. “ఆయన ఎప్పుడు పోయిండు?”

“పోలేదు. బతికే ఉండాడు.”

“మరి ముందు తిన్నాడేంది?”

దూలయ్య టోపీ తీసి కుర్చీమీద పెట్టాడు. మళ్ళీ ఇద్దరూ ఇంటికి వచ్చి గడప దగ్గర కూర్చున్నారు. ఆమె పాదాలు పలచబడుతూ ఉన్నాయి. అవతలి సిమెంటు వాటిలోంచి కనిపిస్తోంది. వాటా అందని వాళ్ళు అలా అరిగి అరిగి ఎవరికీ గుర్తు లేకుండా పోతారని దూలయ్య తాత చెప్పేవాడు. పాత ఊళ్ళో అలా ఎవరూ పోలేదు గనక అది నిజమో కాదో అతను ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాడు.

ఆ తర్వాత రెండో వరుస వానను నీళ్ళసీసాల కంపెనీ కౌలుకు తీసుకుంది. వరుస పొడుగునా రేకులు వేసి, పడిన చుక్కను పడినట్టే గొట్టాల్లోకి మళ్ళించుకుంది. కాలనీకి తాగునీళ్ళు లేకుండా పోయాయి. పై నుంచి ఉత్తర్వు వచ్చి ట్యాంకరు ఏర్పాటు చేశారు. అది డ్యాం నీళ్ళు నింపుకుని వచ్చేది. కొన్నాళ్ళు సరిగ్గానే వచ్చింది. తర్వాత రావడం మానేసింది. రెండో వరుసవాళ్ళు నెత్తిన రేకులమీద వాన చప్పుడు వింటూ ఎండిన నాలుకలతో పడుకునేవారు.

అందరూ ట్యాంకరును తిట్టుకుంటుంటే దూలయ్య మాత్రం దాని గురించే ఆలోచించాడు. కాలనీ మొత్తంలో వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది అదొక్కటే. మర్నాడు పొద్దున్నే మూడు వరుసలూ తిరిగి చెప్పాడు. ఈసారి ట్యాంకరు వస్తే అదే కొత్త. నేలతల్లి తాగాలి, పోయినవాళ్ళు తాగాలి. అప్పటిదాకా ఎవరూ చుక్క ముట్టకూడదు.

సోడి ముత్తమ్మ నడుంమీద చెయ్యి పెట్టుకుంది. ఆమెది రెండో వరుస, ఇద్దరు చంటిపిల్లలు. “పూజారి మావకి మతి పోయింది. మామిడికి కొత్త విన్నాం, ట్యాంకరుకి కొత్తేంది? రేపు కరెంటొస్తే దానికీ కోడిని కోస్తావా?”

“వచ్చి పోయి మళ్ళీ వస్తే కోస్తా.”

“నా బిడ్డల నాలుకలు చూడు ముందు. నీ పెళ్ళానికి ఒక చావు అయిపోయింది. ఈళ్ళకింకా కాలేదు.”

దూలయ్య పిల్లల నోళ్ళు చూశాడు. ఇంటికి పోయాడు.

ట్యాంకరు వచ్చిన రోజు దుమ్ము ముందుగా కనిపించింది. జనం బిందెలతో ఉరికారు. దూలయ్య అందరికన్నా ముందుపోయి కుళాయి దగ్గర నిలబడ్డాడు. బిందెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ముత్తమ్మ అతన్ని పక్కకు తోసి బిందె పెట్టింది. కుళాయి తిప్పబోతూ ఎందుకో తన ఇంటివైపు చూసింది. గడప దగ్గర ఆమె అత్త కూర్చుని ఉంది. బతికుండగా ఇద్దరికీ ఒక్క పూట పడేది కాదు. ఆ ముసలామె ఇటు చూడడం లేదు. మోకాళ్ళ దాకా అరిగిపోయిన కాళ్ళ మీద కొంగు కప్పుకుంటోంది.

ముత్తమ్మ బిందె తీసి పక్కన పెట్టింది. “కానియ్యి మావా. తొందరగా కానియ్యి” అంది. చంటిదాని నోటికి తన కొంగు అంచు అందించింది.

దూలయ్య కుళాయి తిప్పాడు. మొదటి నీళ్ళు నేలమీదికి వదిలాడు. డ్రైవరు సత్తిబాబు కిటికీలోంచి అరిచాడు. “నేలపాలు చేత్తన్నావేంటి తాతా! మళ్ళీ ఎప్పుడొత్తానో నాకే తెలీదు!” నేల తాగేదాకా అందరూ అలాగే నిలబడ్డారు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు కూడా.

ఆ తర్వాత ఎవరి పోయినవాళ్ళకు వాళ్ళు నీళ్ళు పట్టుకుపోయారు. దూలయ్య చెంబు నింపుకుని గడప దగ్గరికి వచ్చాడు. సింగమ్మ దోసిలి పట్టి తాగింది.

“ఇయ్యి మన వాగు నీళ్ళు.”

“ఆఁ. డ్యాంలోయి.”

“మన ఇంటి మట్టి వాసనొస్తంది.”

లారీ ఎక్కిన నాటి తర్వాత మొదటిసారి ఆమె తనంతట తానే లేచి నిలబడింది. దూలయ్య దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. ఆమె గడప దాటలేదు. తల లోపలికి పెట్టి మూలన ఉన్న కుండను చూసింది.

“అందులో ఎవరుండారు?”

“ఎవరూ లేరు. నువ్వే మొదలు.”

“మనోళ్ళందరూ ఆ నీళ్ళ కింద ఉంటే, నేనొక్కదాన్నే ఇక్కడ ఎవరితో ఉండను?”

దూలయ్యకు ఉండమని అనాలని ఉంది. ఎన్నో ఏళ్ళ కాపురంలో ఆమెను ఏదీ అడిగిన అలవాటు లేదు. ఆమె వీధిలోకి దిగి ట్యాంకరు వెనక ఉన్న ఇనప నిచ్చెన ఎక్కింది. అన్ని గడపల దగ్గరి నుంచీ తాగినవాళ్ళు తాగినట్టే లేచి వచ్చారు. ముత్తమ్మ తన అత్తను చంకల కింద పట్టుకుని పైకెత్తి ఎక్కించింది. “అక్కడన్నా నోరు తగ్గించుకుని ఉండు” అంది.

బిందెలన్నీ నిండాక సత్తిబాబు దిగి వచ్చి వెనక చూశాడు. “గట్టిగా పట్టుకోండి, మలుపులుంటాయి” అని వాళ్ళకు చెప్పాడు.

“ఇట్లా ఎక్కించుకుంటావా?” అన్నాడు దూలయ్య.

“అన్ని కాలనీల్లోనూ ఎక్కుతారు తాతా. ఎల్లేప్పుడు ఖాళీ బండేగా.”

“నేనూ వస్తా.”

“బతికున్నోళ్ళని రానివ్వరు. డ్యాం గేటు కాడే దింపేత్తారు. అదంతా ఇప్పుడు మీది కాదుగా.”

“పోయినోళ్ళని?”

“పోయినోళ్ళని ఎవరూ అడగరు.”

దూలయ్య తల ఊపాడు. రూలు అలా ఉన్నప్పుడు డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు. పైనుంచి సింగమ్మ కేకేసింది. “బిందె మీద మూత పెట్టు. దుమ్ము పడుద్ది.” బండి కదిలింది. అతను ఇంటికి పోయి బిందె మీద మూత పెట్టాడు.

ఆ తర్వాత ట్యాంకరు వచ్చినప్పుడల్లా కాలనీ ముసలివాళ్ళు నీళ్ళు పట్టుకున్నాక బండి వెనక్కి పోయి, నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే చేత్తో ఊపి చూసేవారు. గట్టిగానే ఉన్నాయని తేలాక బిందెలెత్తుకుని ఎవరి కాలంలోకి వాళ్ళు పోయేవారు.