దొరకని మంత్రి, ఎదురుకాళ్ళ సీతాపతి

“గురునాథం! ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినోళ్ళు, చిక్కబోయేటోళ్ళు!”

బడిలో పాఠాలు ముగించుకుని వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న నేను ఉలిక్కిపడి చెంబు జారవిడిచాను. గుమ్మంలో సీతాపతి. ఎండాకాలం పులివెందులలో నల్లకోటు వేసుకుని తిరిగేవాడు వాడొక్కడే. వాడు ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. ఆ కోటు ప్లీడరు గారు వదిలేసింది. బుర్ర మాత్రం రైల్వే స్టేషన్లలో అమ్మే డిటెక్టివు నవలలది.

“మొదటి రకం ఎంతమంది ఉండారప్పా?” అన్నాను.

“ఇంగా మొదలు కాలే,” అన్నాడు ఏమాత్రం తొణక్కుండా.

మొదలు కాలేదనడం వినయం. గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర తన చెప్పులు పోయాయని అక్కడి పూజారి వెనక నెల రోజులు నీడలా తిరిగాడు. ఆ చెప్పులు ఇంట్లో మంచం కింద ఉన్నాయని వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ చెప్పాక, “చూసినావా, కేసు తేలిపోయింది!” అని ఊరంతా చాటుకున్నాడు. చక్రాయపేటలో ఎవరిదో ఎద్దు తప్పిపోతే వెతకబోయి తనే తప్పిపోయాడు. ఎద్దే ముందు ఇల్లు చేరింది. అప్పటినుంచి తనను అపరాధ పరిశోధక చక్రవర్తి అనమంటాడు. చక్రాయపేట చక్రవర్తి అని మేము అంటాం.

“నేను అందరి మాదిరి పుట్టలేదురా. అందరూ తలకాయ ముందుపెట్టి వస్తారు. నేను కాళ్ళు ముందుపెట్టి వచ్చినా. పుట్టుకతోనే రంగంలో దిగినా!”

మా వంటింట్లో నా భార్య కాత్యాయనికి మినుములు చెరిగిపెడుతున్న రాజేశ్వరమ్మ చేట పక్కన పెట్టింది. “నువ్వు రంగంలో దిగినావు, నా పానం పైకి పోయొచ్చింది. మంత్రసాని చేతులెత్తేసింది. ఊర్లో ఆడ డాక్టరు ఉండింటే నాకా కష్టం యాల వస్తుంది? అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.”

కాత్యాయని చెయ్యి తన కడుపు మీదికి పోయింది. ఆమెకు ఏడో నెల.

ఆ రోజుల్లో నాకున్న దిగులు అదొక్కటే. పులివెందుల ఆసుపత్రికి లేడీ డాక్టరు మంజూరైంది. కాగితం మాత్రం ఆరోగ్య మంత్రి సంతకం కోసం ఆగింది. ఈలోగా ఆ డాక్టరమ్మను ఇంకో ఊరికి తన్నుకుపోతున్నారని పుకారు. రాజధాని కర్నూల్లో ఉన్నన్నాళ్ళూ బస్సెక్కి పోయి గేటు దగ్గరైనా నిలబడేవాళ్ళం. అది హైదరాబాదుకు మారాక గేటు కూడా దూరమైంది. మంత్రే మన జిల్లాకు వస్తున్నాడని కడపకు పోతే ప్రొద్దుటూరు పోయాడన్నారు. ప్రొద్దుటూరు పోతే ఇప్పుడే వెళ్ళాడన్నారు. ఎక్కడికయ్యా అంటే, శుక్రవారం నాడు ఆయన కార్యక్రమంలో ‘స్వంత పని’ అని ఉంటుందట. ఎవరిని కలుస్తాడో దేవుడికెరుక. వెంట రాజకీయ సలహాదారు అని ఒకాయన ఉంటాడు. ఆయన ఏం సలహా ఇస్తాడు, జీతమెంత అని శాసనసభలో అడిగితే, ప్రజాప్రయోజనాల దృష్ట్యా చెప్పరాదు అన్నారు. ప్రజలమైన మా ప్రయోజనం మాకు తెలియకూడదన్నమాట.

“మంత్రి యాడికి పోతాండాడో నేను కనిపెడతా,” అన్నాడు సీతాపతి. “కాత్యాయనమ్మ నాకు చెల్లెలు లెక్క. ఈ కేసుకు ఫీజు లేదు.”

ఫీజు ఇచ్చిన కేసు ఇంతవరకు ఒక్కటీ లేదు. అయినా వాడా మాట అన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. మర్నాడే బయల్దేరాం.

ప్రొద్దుటూరులో మంత్రికి విందు ఇచ్చిన జవుళి వర్తకుడు నరసింహయ్య శెట్టి మండిపడుతూ ఉన్నాడు.

“వెండి కుర్చీ ఏపిస్తే కూచోలేదప్పా! నిలబడే తిన్యాడు. దండ ఏచ్చామంటే వంగడే! మనిషి పొడుగు. ఆఖరికి నేను స్టూలెక్కి ఏసినా. ఇంత గర్వమా?”

సీతాపతి కళ్ళు మెరిశాయి. బయటికి రాగానే నా చెవిలో, “వంగడు, కూచోడు. అంటే?” అన్నాడు.

“నడుము నొప్పేమో.”

“గురునాథం, నీకు పిల్లోళ్ళకు ఎక్కాలు చెప్పే బుర్ర. అంగీ కింద ఉక్కు కవచం! ఆయనకు ప్రాణభయం ఉంది!”

ఎర్రగుంట్లలో బస్సు ఆగినప్పుడు టీ అంగడి దగ్గర సర్కారు జీపు కనిపించింది. డ్రైవరు టీ తాగుతూ అంగడాయనతో మాట్లాడుతున్నాడు. సీతాపతి బంకతో అంటించుకున్న మీసం సవరించుకుని బెంచీ చివర కూచున్నాడు.

“పోయిన శుక్రవారం జమ్మలమడుగులో ఖమర్‌బీ మూడు తన్నులు తన్నింది. అయ్య కిక్కురుమనలేదు. రేపు ఇంగో రెండు పడితే పని అయిపోతాదంట,” అంటున్నాడు డ్రైవరు. “ఇదంతా మా సలహాదారు ఏర్పాటేలే. బయట పొక్కిందంటే నా ఉద్యోగం ఊడుతుంది.”

సీతాపతి గ్లాసు మీదికి వంగి చెవులు రిక్కించాడు. మీసం ఊడి టీలో పడింది. వాడది గమనించకుండా గుటకేసి, దగ్గి దగ్గి, మీసాన్ని బయటికి తీశాడు.

“హత్య!” అన్నాడు నన్ను పక్కకు లాగి. “మంత్రిని మట్టుపెట్టే ఘోర కుట్ర! సూత్రధారి సలహాదారు. హంతకి ఖమర్‌బీ!”

“తన్ని చంపుతారేంది, అదీ వాయిదాల మీద?”

“నెత్తురు కనపడదు గదా! శానా తెలివైన ముఠా. ఆలోచించురా. మంత్రి చచ్చిపోతే మీ లేడీ డాక్టరు కాగితం మీద సంతకం ఎవడు పెడతాడు?”

పిచ్చివాడి మాటలో కూడా ఒక్కోసారి మన అవసరం దొరుకుతుంది. జమ్మలమడుగు బస్సెక్కాను.

శుక్రవారం పొద్దున్నే ఖమర్‌బీ పేరు చెప్పి అడుక్కుంటూ పట్టుకున్నాం ఆ ఇల్లు. ముందు గాజుల అంగడి, వెనక మట్టిగోడ కట్టిన పెరడు. సందులో వేపచెట్టు కింద జీపు దాచిపెట్టినట్టు నిలబడి ఉంది. సీతాపతి నా భుజాల మీద కాళ్ళు పెట్టి గోడెక్కాడు. వాడి కోటు నా మొహం మీద పడి నాకేమీ కనిపించలేదు. మాటలు మాత్రం వినిపించాయి.

“బోర్లా పండుకోండి సాబ్. కదలగాకండి.”

“కొంచెం గట్టిగా తన్నమ్మా. ఎవరికీ తెలియకూడదు సుమా!” ఇది కోస్తా గొంతు.

“ఆగు హంతకీ!” అని మా చక్రవర్తి గర్జించాడు. “అపరాధ పరిశోధక...”

బిరుదు పూర్తయ్యేదాకా ఆ మట్టిగోడ ఆగలేదు. పెళ్ళ విరిగింది. నా భుజాలు ఒక్కసారిగా తేలికయ్యాయి. గోడవతల ధబ్బుమని ఒక చప్పుడు, కటుక్కుమని ఇంకో చప్పుడు, “చచ్చానురోయ్!” అని కోస్తా గొంతు.

గోడ విరిగిన చోటినుంచి చూశాను. చాప మీద ఆరోగ్య మంత్రి బోర్లా పడుకుని ఉన్నాడు. ఆయన నడుము మీద సీతాపతి రెండు కాళ్ళూ మోపి నిలబడి ఉన్నాడు. ఆయన కండువా పట్టుకుని సలహాదారు కొయ్యబారిపోయాడు. ఒక పెద్దావిడ ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుని చూస్తోంది. నాకు జైలు, నేను లేని ఇంట్లో నొప్పులు పడుతున్న కాత్యాయని, అన్నీ ఒకేసారి కళ్ళముందు కనిపించాయి. దేవుడా, వీడి స్నేహం నాకెందుకిచ్చావు అనుకున్నాను.

సీతాపతి మెల్లగా కిందికి దిగాడు. మంత్రి లేచాడు. నిటారుగా నిలబడ్డాడు. వంగాడు. వంగి కాలివేళ్ళు పట్టుకున్నాడు!

“పోయింది! మూడు నెలల పట్టు పోయింది!” అని చిన్నపిల్లాడిలా గెంతాడు.

ఖమర్‌బీ కాలు దించి సీతాపతిని ఎగాదిగా చూసింది. “ఏమప్పా, నువ్వు కూడా ఎదురుకాళ్ళతో పుట్టినోడివేనా?”

“పుట్టుకతోనే,” అన్నాడు వాడు అయోమయంగా.

“అందుకే! ఎదురుకాళ్ళోళ్ళు తంతే నడుము పట్టు నిలబడుతుందా? నేను కూడా అంతే పుట్టినా. దీనికి దుడ్లు తీసుకోకూడదు. తీసుకుంటే పారదు.” గోడవైపు చూసి, “గోడకు మాత్రం తీసుకుంటా,” అంది.

మంత్రికి అప్పుడు మేమిద్దరం పరాయివాళ్ళమని తట్టింది. “అయ్యా, దయచేసి బయట చెప్పకండి. నాటు వైద్యాలు మానండి, ఆసుపత్రులకు రండి అని ఊరూరా ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. పెద్దాసుపత్రిలో చూపించుకున్నా తగ్గలేదు. ఈ సలహాదారేమో ఇక్కడికి రమ్మన్నాడు. తెలిస్తే నవ్వుతారు. మీకేం కావాలో అడగండి.”

“నిజం!” అన్నాడు సీతాపతి ఛాతీ విరుచుకుని.

“లేడీ డాక్టరు,” అన్నాను నేను.

అన్నాక ఆగలేకపోయాను. నాకంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. “మీ నడుము పట్టేస్తే మీరు దాక్కోని వస్తారు సార్. మా ఆడోళ్ళకు నొప్పులొస్తే యాడికి పోవల్ల? మూడు శుక్రవారాలు మీకోసం తిరిగినా. మీరు యాడుండారో చెప్పే నాథుడే లేడు. ఈడికి తన్నించుకునేదానికి వస్తాండామని చెప్పింటే నవ్వి ఊరుకునేటోళ్ళం. చెప్పలేదు గాబట్టి డాక్టరమ్మను అమ్ముకున్యారనుకున్నాం.”

మంత్రి చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత సలహాదారు చేతిలోంచి కండువా లాక్కుని భుజాన వేసుకున్నాడు. “ఆ కాగితం ఎక్కడుందయ్యా?” అని అడిగాడు. జీపులోనే ఉంది. మూడు నెలలుగా ముందు సీట్లో చేరగిలబడి తిరుగుతూ వెనక్కి వంగలేని మంత్రికి, వెనక సీటు మీదున్న కాగితాలు చూసే వీల్లేకపోయింది. అక్కడే జీపు బానెట్టు మీద పెట్టి సంతకం చేశాడు.

“నడుము పట్టని నేను ముందే అనుకున్యా,” అన్నాడు సీతాపతి తిరుగు బస్సులో. నేను వాడికి ఎర్రగుంట్లలో టీ ఇప్పించాను, మీసం లేకుండా.

డాక్టరమ్మ నిర్మలమ్మ సరిగ్గా సమయానికి పులివెందుల చేరింది. సరిగ్గా అని ఎందుకంటున్నానంటే, మా బిడ్డ ఎదురుకాళ్ళతో వచ్చింది. ఆ పూట నిర్మలమ్మ లేకుంటే ఏమయ్యేదో తలచుకోవడానికి నాకు ఇప్పటికీ భయమే. తల్లీ బిడ్డా క్షేమమని ఆమె బయటికొచ్చి చెబితే ఆసుపత్రి వరండాలో కూచుని ఏడ్చేశాను. సీతాపతి నాకంటే గట్టిగా ఏడ్చి, ఆ వెంటనే కళ్ళు తుడుచుకుని, “నా శిష్యురాలు రంగంలో దిగింది!” అని ప్రకటించాడు.

పాపకు సుశీల అని పేరు పెట్టాం. అది కాళ్ళాడించి నవ్వే వయసుకు వచ్చేసరికి తాలూకా ఆఫీసు బోర్డు మీద మంత్రి గారి కార్యక్రమం అంటించారు. ఈసారి ‘స్వంత పని’ అని లేదు. ‘ఉదయం: పులివెందుల. గురునాథం మాస్టరు గారింట్లో చిరంజీవి సుశీల చేత నడుము తన్నించుకొనుట. ప్రజలు అర్జీలతో రావచ్చును’ అని ఉంది. జీపు ప్రయాణాలకు నడుము మళ్ళీ పట్టేసిందట, పాప ఎదురుకాళ్ళ సంగతి డాక్టరమ్మ ద్వారా తెలిసిందట. ఆ నల్లకోటాయన మాత్రం వద్దు, బరువు, అని ముందే కబురు పంపాడు.

ఊరంతా మా వాకిట్లో చేరింది. మంత్రి చాప మీద బోర్లా పడుకున్నాడు.

“సార్, మీ సలహాదారుకు జీతమెంత?” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

బోర్లా పడుకున్న మనిషి ఎటు తప్పించుకుంటాడు? చెప్పేశాడు. జనం “అబ్బా!” అన్నారు.

“ఇంత జీతానికి ఏం సలహా ఇచ్చినాడు?”

“ఖమర్‌బీ దగ్గరికి పొమ్మన్నది నేనే గదయ్యా!” అన్నాడు సలహాదారు రోషంగా. ఆయన ఇచ్చిన సలహాల్లో పనికొచ్చింది అదొక్కటేనని మంత్రి చాప మీదినుంచే ఒప్పుకున్నాడు. అందరూ పకపకా నవ్వారు. ఎవరూ ఆయనను చులకన చేయలేదు. నవ్వి, వరసగా నిలబడి అర్జీలిచ్చారు.

కాత్యాయని పాపను ఎత్తుకొచ్చి, దాని కాళ్ళను మంత్రి నడుము మీద ఆనించింది. పాప ఎందుకో ముడుచుకుపోయింది.

“తన్నమ్మా, తన్ను,” అంది కాత్యాయని బుజ్జగిస్తూ. “నీకు ఓటొచ్చేదాకా ఆగాల్సిన పన్లేదు.”