గొడవపడాల్సిన మువ్వలు

ఆ ఉదయం బిల్కీస్ వేసుకున్న పథకం చిన్నదే. డేగల్ని సాకే దిలావర్ ఖాన్ వస్తాడు, వాటి కాళ్లకు కట్టే మువ్వల జత తీసుకుంటాడు, చలికాలానికి మరో ఆరు జతలు చెప్పి వెళ్తాడు. తన భర్తకు చెవుడన్న సంగతి మాత్రం అతనికి తెలియకూడదు. లాహోరు వేటగాళ్లంతా డేగల తోకలకు జాడ చెప్పే రేడియోలు కట్టుకున్నాక, మువ్వలు చేసే ఆమె భర్త ఉస్తాద్ ఖైర్‌దీన్‌కు మిగిలిన గిరాకీ ఖాన్ ఒక్కడే. అతనూ పోతే, వాళ్లు అద్దెకున్న కొట్లో మొబైల్ ఫోన్లు అమ్మడానికి యజమాని కొలతలు కూడా తీసుకున్నాడు.

ఖైర్‌దీన్ చెవులు పోయి ఏడాది. మువ్వను పంటికి ఆనించి, అదురును బట్టి స్వరం కుదిర్చేవాడు. భార్యకు తెలియదనుకునేవాడు. ఆమె తెలియనట్టే ఉండేది.

టీ తెచ్చేసరికి బల్ల దగ్గర మువ్వలు మోగుతున్నాయి. తియ్యగా, ఒకే గొంతుతో. బిల్కీస్ టీ కప్పు దించేసింది. కాలికొకటి కట్టే ఆ రెండూ సగం స్వరం తేడాతో గొడవపడాలి. అప్పుడే పొగమంచులో డేగ ఎక్కడ దిగిందో మైలు దూరానికి వినిపిస్తుంది.

"ఎవరు ముట్టుకున్నారు వీటిని?"

"నేనే, అమ్మీ," అన్నాడు కొత్తల్లుడు ముద్దస్సర్, ఆకురాయి దించుతూ. హార్మోనియం వాయిస్తాడు. "ఒకటి అపస్వరం పలుకుతోంది. గుట్టుగా సరిచేశాను. మామయ్య పరువు దక్కింది!"

"అవి పెళ్లి పాటలకు కాదు నాయనా, డేగకి!"

వాకిట్లో రిక్షా ఆగింది. బిల్కీస్ సుత్తి అందుకుంది. కాస్త సొట్ట పెడితే స్వరం దిగుతుందని పుట్టింట్లో చూసిన గుర్తు. ఒక్క దెబ్బ. ఇత్తడి చీలింది. ఊపితే డబ్బాలో రాయిలా 'టప్' మంది.

"ఇప్పుడు తేడా బాగా వచ్చింది, అమ్మీ," అన్నాడు అల్లుడు బెరుకుగా.

ఖాన్ ముంజేతి మీద డేగతో లోపలికొచ్చాడు. నమాజు ముగించుకొచ్చిన ఖైర్‌దీన్ మురిపెంగా జత అందించాడు. ఖాన్ చెవి దగ్గర ఊపాడు. తింగ్. టప్. బిల్కీస్ కళ్లు మూసుకుంది.

"వాహ్, ఉస్తాద్! సరిగ్గా సగం స్వరం! మరో ఆరు జతలు చెయ్యండి."

కళ్లు తెరిచింది. ఖాన్ చూపు ఖైర్‌దీన్ పెదవుల మీదే ఉంది, ఏడాదిగా భర్త చూపు తన పెదవుల మీద ఉన్నట్టే. నిరుడు ఖాన్ రెండు డేగల్ని మంచులో పోగొట్టుకున్నాడు. గాలి వాటం బాగాలేదన్నాడు.

"రేడియో కట్టరా, ఖాన్ సాహెబ్?" పక్కనుంచి గట్టిగా అరిచింది. ఖాన్ తిరగలేదు. ఖైర్‌దీనూ తిరగలేదు.

"రేడియోలు చెవుల్లేనివాళ్లకి, ఉస్తాద్," అంటున్నాడు ఖాన్.

"అంతేగా మరి!" అన్నాడు ఖైర్‌దీన్.

డేగ ముఖం తిప్పుకుంది. ఆ బేరంలో చెవులున్న గిరాకీ అదొక్కటే, దాన్నెవరూ అడగలేదు.