యుద్ధానికి కోరం

మందుల ఫ్యాక్టరీపై తమ గ్రామం యుద్ధం ప్రకటించిందని సర్పంచ్ నరసరాజు గారు తొంభై ఆరు జూన్‌లో సగర్వంగా సెలవిచ్చారు. గుమ్మడిదల దగ్గరి ఆ ఊళ్లో చాటింపు వేసే సంగప్ప డప్పు తీసి ఆ మాట గడపగడపకూ చేరవేశాడు. చేతులు నొప్పి పుట్టేలా కొట్టాడు. ఫ్యాక్టరీ నీళ్లు వాగులో కలుస్తున్నాయి. అతని ఒక్కగానొక్క పాడి బర్రె ఆ వాగు నీళ్లే తాగి, రెండు రోజులుగా గడ్డి ముట్టడం లేదు.

తెల్లారి ఫ్యాక్టరీ గేటు ముందు లారీలు ఆపడానికి యాభై మంది కర్రలతో తయారయ్యారు. వార్డు మెంబరు అరుణమ్మ అడ్డం వచ్చింది.

"యుద్ధం చేసుడు సర్పంచ్ పని. చెయ్యాల్నా వద్దా చెప్పుడు మా మెంబర్ల పని. తీర్మానం ఏది?"

"గిది యుద్ధం కాదమ్మా, కార్యాచరణ. దీనికి తీర్మానం అక్కర్లే," అన్నారు సర్పంచ్.

"మరి సంగప్ప యుద్ధమని ఎందుకు చాటిండు?"

రాజ్యాంగం మీద ఇంత పట్టున్న ఊరు జిల్లాలో మరొకటి లేదు. యాభై మందీ కర్రలు గోడకు ఆనించి కూర్చున్నారు.

మొదటి మీటింగుకు కోరం లేదు. నలుగురు మెంబర్లకు అదే ఫ్యాక్టరీలో షిఫ్టు పడింది. రెండో మీటింగులో యుద్ధం అన్న మాట కొట్టేసి 'తీవ్ర సంప్రదింపులు' అని రాశారు. మూడో మీటింగులో ఫ్యాక్టరీకి పంపాల్సిన నోటీసు మీద సర్పంచ్ సంతకం పైన ఉండాలా, మెంబర్లవి పైన ఉండాలా అని సాయంత్రం దాకా ఘనంగా చర్చించారు. చాయ్ ఫ్యాక్టరీ వాళ్లే పంపారు.

"సాబ్, బర్రె లేస్తలేదు. జెర జల్దీ తేల్చుండ్రి," అన్నాడు సంగప్ప.

"ప్రజాస్వామ్యం సంగప్పా. తొందరపడితే ఆగమైతం."

బర్రెకు అంత ఓపిక లేకపోయింది. నాలుగో మీటింగు నాటి పొద్దున చచ్చిపోయింది. సంగప్ప ఏడుస్తూనే దాన్ని పూడ్చి, మట్టి చేతులతో పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు.

అప్పటికే ఫ్యాక్టరీ మేనేజరు ఉత్తరం వచ్చి ఉంది. తమపై యుద్ధం ప్రకటించిన వ్యక్తి పేరు తెలిపితే కేసు పెట్టుకుంటామని అందులో మర్యాదగా రాశారు.

"నేను నోటితోని అన్న, గంతే," అన్నారు సర్పంచ్.

"మేం తీర్మానమే చెయ్యలే," అంది అరుణమ్మ.

ఆ రోజు కోరం నిండుగా ఉంది. యుద్ధం ప్రకటించినవాడు డప్పు కొట్టిన సంగప్పేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. అతని వేలిముద్ర కోసం సిరా డబ్బా తెప్పించారు.

"ముందుగాల చేతులు కడుక్కొని రా," అన్నారు సర్పంచ్ నెమ్మదిగా. "కాగితం ఖరాబైతది."

సంగప్ప వెళ్లి వాగులో చేతులు కడుక్కుని వచ్చాడు.