ఆషాఢంలో ఆగిపోయిన పదకొండు ఊళ్లు

మానవజాతి చరిత్రలో మహా వలసలు మూడే జరిగాయి. మొదటిది, ఆదిమానవుడు అడవి వదిలి ఏటి ఒడ్డుకు రావడం. రెండోది, ఏటి ఒడ్డున ఉన్నవాడు వరదకు భయపడి మెరకకు పోవడం. మూడోది, డెల్టా సాగునీటి వంతుల ప్రచురణ విభాగం వారి వెబ్‌సైటు ఏడో వెర్షను నుంచి పదకొండో వెర్షనుకు మారడం. మొదటి రెంటికీ ప్రత్యేకాధికారిని వేయలేదు. అందుకే అవి పూర్తయ్యాయి.

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఈ ఏడాది కాలువలకు నీళ్లు తక్కువ వదిలారు కాబట్టి ఊరికి ఇన్ని రోజులని వంతులు పెట్టారు. ఎవరి వంతు ఎప్పుడన్నది వెబ్‌సైటులో ఉంటుంది. లస్కరు, అంటే కాలువ తూముల తలుపులు ఎత్తి దించే ఉద్యోగి, తన ఫోనులో ఆ ఊరి పేజీ తెరిచి, అందులో ‘ఎత్తవచ్చు’ అని ఉంటేనే తలుపు ఎత్తాలి. (పూర్వం లస్కర్లు కాలువలో నీళ్లు చూసి ఎత్తేవారట. ఎంత అనాగరికం!)

ఆ వెబ్‌సైటు కడుపులో కంటెంటు మేనేజ్‌మెంటు సిస్టం అని ఒకటుంటుంది. ఏ పేజీ ఏ అరలో ఉందో చూసుకునే గుమాస్తా అనుకోండి. ఏడో వెర్షను గుమాస్తాకు వయసైపోయిందనీ, ఇక అతనికి జ్వరమొస్తే చూసేవారు లేరనీ పై నుంచి కబురొచ్చింది. మార్పిడి బాధ్యత ప్రత్యేకాధికారి ప్రసన్నకుమార్ గారి మీద పడింది. ఆయన చాలా మంచివారు. కంప్యూటరంటే భయం, పంచాంగమంటే భక్తి. అసలు ఈ మార్పిడి అంటే ఏంటని ఆయన అడిగితే, కాంట్రాక్టు ఇంజినీరు లావణ్య “పాతింట్లోంచి కొత్తింట్లోకి సామాను మార్చుకోవడం లాంటిదండి” అని చెప్పింది. పాపం, ఆయనకు అర్థం కావాలని చెప్పింది. అర్థమైంది. అదే కొంప ముంచింది.

ఇల్లు మారడమా! ముహూర్తం లేకుండానా!

జ్యేష్ఠమాసంలో ఒక శుభ గడియన సర్వరు గదిలో పాలు పొంగించారు. (ఇండక్షను స్టవ్వు పెట్టగానే యూపీఎస్ కుయ్యోమంది. శుభసూచకమని నమోదు చేశారు.) సత్యనారాయణస్వామి వ్రతం చేయించి, అన్నవరం నుంచి తెప్పించిన ప్రసాదం కీబోర్డుకు తగలకుండా పంచారు. పాతింటి చీపురు కొత్తింటికి తీసుకెళ్లకూడదు కనుక, చెత్త ఫైళ్లు ఊడ్చే ప్రోగ్రామును పాత వెర్షనులోనే వదిలేశారు. చెత్త మాత్రం భద్రంగా వచ్చింది.

ఊళ్ల పేజీలను నీళ్లు పారే వరసలోనే, ఎగువ నుంచి దిగువకు మార్చాలని సర్క్యులరు. నలభై రెండు ఊళ్లలో ముప్పై ఒకటి మారేసరికి అమావాస్య వచ్చింది. మర్నాటి నుంచి ఆషాఢం. ఆషాఢంలో ఇల్లు మారేవాడు ఎవడైనా ఉంటాడా? పని ఆపేశారు. పాత వెర్షనును అప్పటికే మూసేశారు. ఒక సంసారానికి రెండు పొయ్యిలు మంచిది కాదట. దాంతో పదకొండు ఊళ్లు పాతింట్లోనూ లేవు, కొత్తింట్లోనూ లేవు. అన్నీ శివారు ఊళ్లే. అందులో మా పెదతాడికోడు ఒకటి.

మా ఎదురింటి పెద్దింట్లమ్మ గారికి రెండెకరాల పొలం ఉంది. కాలువకు చిట్టచివర. ఆ పైన సముద్రమే. బోరు వేస్తే ఉప్పునీళ్లు. వానా మొహం చాటేసింది. పది సెంట్లలో నారు పోసి అప్పటికి పన్నెండు రోజులు. రెండు తడులు పడితే ఊడుపులు, పడకపోతే ఆవిడకు ఈ ఏడాది సార్వా పంట లేదు. ఆవిడ ఫోను నొక్కిపెట్టే ఉద్యోగం నాది. (నా పొలం ఎగువన ఉంది. నాకు వ్యంగ్యం రాసుకునే తీరిక అలా వచ్చింది.)

ఇద్దరం తూము దగ్గరికి వెళ్లేసరికి లస్కరు చంద్రరావు గట్టు మీద కూర్చుని ఫోను వంక దిగులుగా చూస్తున్నాడు.

“ఏంటయ్యా చంద్రరావూ, ఎదురుగా నీళ్లు కనబడుతుంటే తలుపెత్తవేంటి?” అంది ఆవిడ.

“నీళ్లు కనబడుతున్నాయండి. పేజీ కనబడట్లేదండి, ఆయ్.” ఫోను తిప్పి చూపించాడు. ‘మీరు వెతుకుతున్న ఊరు లేదు’ అని ఉంది.

“ఊరు లేకపోవడమేంటి? మరి నువ్వు కూర్చున్నదెక్కడ?”

“అది ఆఫీసులో అడగాలండి. నేనైతే ఊళ్లోనే కూర్చున్నాననుకుంటున్నానండి.”

ఫిర్యాదు చేద్దామంటే ఫిర్యాదుల పేజీ కూడా మారలేదు, అదీ ఆషాఢంలో చిక్కుకుంది. ఆ వారం ‘అందిన ఫిర్యాదులు: సున్నా’ అని విభాగం వారు పత్రికలకు ప్రకటన ఇచ్చి, ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. నాకు ఒళ్లు మండి, పెద్దింట్లమ్మ గారిని రాజమండ్రి బస్సెక్కించాను.

ప్రసన్నకుమార్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, సాంతం విన్నారు. “మీ మీద నాకేమైనా కక్షా అమ్మా? మీ ఊరి మంచికే చెబుతున్నాను. శూన్యమాసంలో మారిన ఊరు పచ్చగా ఉంటుందా?”

“సార్, ఒక్క క్లిక్కండి. నాలుగు నిమిషాల పని” అంది లావణ్య.

“నాలుగు నిమిషాలైనా ఆషాఢం ఆషాఢమేనమ్మా.”

పెద్దింట్లమ్మ గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. “బాబుగారూ, ఆషాఢంలో ఇల్లు మారకూడదు. ఒప్పుకున్నాను. కొత్త కోడలు పుట్టింటికి వెళ్లకూడదని ఎవరైనా అన్నారా?”

“అబ్బెబ్బే. వెళ్లి తీరాలి.”

“మరి మా ఊరి పేజీని కాపురానికి పంపకండి. కొత్త ఇంటినే పుట్టిల్లనుకుని, నెల్లాళ్లు ఉండి రమ్మని పంపండి. చీరా సారె నేను పెడతాను.”

ఆఫీసు అంతా ఒక్కసారి లేచి నిలబడింది. నాకు ఈల వేయాలనిపించింది, మర్యాద కాదని ఊరుకున్నాను. ప్రసన్నకుమార్ గారి కళ్లు చెమర్చాయి. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంత శాస్త్రోక్తమైన అర్జీ తాను చూడలేదన్నారు. గంటలో ‘పేజీల తాత్కాలిక పుట్టింటి ప్రయాణ నిబంధనలు’ వెలువడ్డాయి, మూడు ప్రతులు. లావణ్య నొక్కింది. మూడు నిమిషాల్లోనే పేజీ చేరిపోయింది. పెద్దింట్లమ్మ గారు మానిటరుకు బొట్టు పెట్టి, రెండు గాజులు సీపీయూ మీద ఉంచింది. ఆ ఆనందంలో తిరుగు బస్సులో నేను ముగ్గురు అపరిచితులకు ఈ కథ చెప్పాను. ఒకాయన అయితే తన స్టాపు దాటిపోయినా దిగలేదు.

మర్నాడు పొద్దున్నే తూము దగ్గర చంద్రరావు పేజీ తెరిచాడు. ‘పేజీ ఉంది. మీరు చూడకూడదు’ అని వచ్చింది.

నేను ఫోను చేశాను. ప్రసన్నకుమార్ గారు నొచ్చుకున్నారు. “రెండో నిబంధన చదవలేదా అండీ? ఆషాఢంలో పిల్ల పుట్టింట్లో ఉండగా అల్లుడు అత్తారింటి గడప తొక్కుతాడా? ఇక్కడ పేజీ కోసం వచ్చేదెవరు? లస్కరే కదా! శ్రావణం వచ్చేదాకా డెల్టాలో ఉన్న లస్కర్లందరూ అల్లుళ్ల కిందే లెక్క.”

చంద్రరావుకు యాభై ఎనిమిదేళ్లు. అంతా విన్నాడు. “మా అత్తోరు కూడా నన్నెప్పుడూ ఇంత మర్యాదగా చూళ్లేదండి” అన్నాడు.

పెద్దింట్లమ్మ గారు చీర చెంగు బిగించి తూము చక్రం మీద చెయ్యి వేసింది. “నువ్వు చూడకు. నేనే ఎత్తుతాను.”

“ఎత్తితే నా ఉద్యోగం పోద్దండి మామ్మగారూ. పెన్షనుకి నాలుగేళ్లుందండి” అని అతను తల దించుకున్నాడు. అడ్డం మాత్రం రాలేదు.

ఆవిడ చెయ్యి తీసేసింది. “ఒకడి కడుపు కొట్టి నా నారు తడుపుకోనులే” అని గట్టు దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలు ఆవిడా, కోడలూ పంచాయతీ కొళాయి నుంచి బిందెలతో నారుమడికి నీళ్లు మోశారు. నేనూ మోశాను. చంద్రరావు కూడా మోశాడు (సొంత బిందెతో మోసే నీటికి పేజీ చూడనక్కర్లేదని నిబంధనలు గాలించి మరీ కనిపెట్టాడు). పది సెంట్ల మడి అంటే చిన్నదనుకుంటాం గానీ, బిందెతో పోస్తే అది తాగి, పోసినవాడి వంక చూస్తుంది. వారానికి నారు పసుపు తిరిగింది, రెండు వారాలకు ఎండిపోయింది. ఆవిడ బిందెలు కడిగి బోర్లించింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

శ్రావణం మొదటి శుక్రవారం పేజీ తెరుచుకుంది. చూడముచ్చటగా ఉంది. పైన మామిడి తోరణం, పక్కన నవ్వుతున్న రైతు బొమ్మ, మధ్యలో ‘పెదతాడికోడు వంతు పూర్తయింది. నీరు అమూల్యం, వృథా చేయకండి’ అని ఆకుపచ్చ అక్షరాలు. కింద పంట నష్టం నమోదు చేసుకునే ఫారం. అది కూడా మారిందే అని సంతోషించి, పెద్దింట్లమ్మ గారి పేరు, సర్వే నంబరు, ఎండిన నారుమడి ఫొటో అన్నీ ఎక్కించాను. ‘నష్టానికి కారణం’ దగ్గర ఆగాను. అక్కడ ఒకే ఒక కారణం ఉంది. లావణ్యకు ఫోను చేశాను.

“పాతదాంట్లో ఆరుండేవండి” అంది. “వరద, తుపాను, తెగులు, ఎలకలు, నీరందకపోవడం, రైతు నిర్లక్ష్యం. మార్చేటప్పుడు చివరిదొక్కటే వచ్చిందండి. మిగతా అయిదూ నేను ఇప్పుడే తెస్తానంటే, సార్ ముహూర్తం చూస్తున్నారండి. సారీ అండి.”

“ఏంటంట?” అంది పెద్దింట్లమ్మ గారు. చెప్పాను. అది నొక్కకపోతే ఫారం ముందుకు వెళ్లదనీ, గడువు ఆ సాయంత్రంతో సరి అనీ కూడా చెప్పాను.

ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, తన వేలితోనే నొక్కింది.

‘ధన్యవాదాలు. మీ నిర్లక్ష్యం విజయవంతంగా నమోదైంది’ అని వెంటనే వచ్చింది.